ఇంట్లో చేస్తే మట్టిరంగు!

ప్రశ్న: మా ఐదేళ్ల బాబుకి రంగురంగుల స్మూతీలే కావాలి. పాలకూర, బీట్‌రూట్ వేసి చేస్తే మట్టిరంగు వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఆ రెండింటినీ ఒకే జార్‌లో వేయకండమ్మా. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే వచ్చేది ఆ రంగే. గ్లాసుకి ఒక్క రంగు చాలు. అరటిపండు, పెరుగు తెల్లగా ఉంటాయి కాబట్టి వాటిలో ఏ రంగైనా బాగా తేలుతుంది. గులాబీరంగుకి ఉడికించిన బీట్‌రూట్ బొటనవేలంత ముక్క వేయండి, ఎక్కువైతే మట్టివాసన. తర్వాత మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి, కొందరికి అది మామూలే. పసుపురంగుకి మామిడి, పచ్చకి నాలుగు పాలకూర ఆకులు. నా ఓటు మాత్రం నేరేడుకే. గింజలు తీసి పెరుగుతో తిప్పితే చక్కటి ఊదారంగు. నాలుక కూడా ఊదాగా మారుతుంది, పిల్లలు అద్దం ముందు నుంచి కదలరు. అరటి నల్లబడకముందే తాగించేయండి.