లారీ డ్రైవరు ఇల్లు - నాలుగు కాగితాలు

జనవరి నుంచి మే నెల దాకా గుంటూరు మిరప యార్డు నిండా టిక్కీలే. పల్నాడు నుంచి, ప్రకాశం జిల్లా పల్లెల నుంచి రైతులు కాయ తెస్తారు. ఆ కాయ కోసింది, కళ్ళంలో ఆరబోసింది, తాలు ఏరింది ఎక్కువగా ఆడవాళ్ళే. ముఠా కూలీలు టిక్కీలను లారీకి ఎత్తుతారు. పైన పట్టా కప్పుతారు. మోకులు బిగిస్తారు. ఇక అక్కడి నుంచి సరుకు బాధ్యత డ్రైవరుదే.

పత్తి సంగతీ అంతే. జిన్నింగు మిల్లులో గింజ తీస్తారు. దూదిని నొక్కి బేళ్ళు కడతారు. ఒక్కో బేలు సుమారు 170 కిలోలు ఉంటుంది. ఆ బేళ్ళు కోయంబత్తూరు వైపు నూలు మిల్లులకు కూడా పోతాయి. వాటిని మోసేదీ లారీయే.

లారీ కదలకపోతే మన పంట ఊరు దాటదు. మరి ఆ లారీ నడిపే మనిషి బతుకు ఎట్లా ఉంటుంది? అతని ఇంటికి ఏది రక్ష?

దారి ఎంత? నిద్ర ఎంత?

గుంటూరు నుంచి ఢిల్లీకి సుమారు 1,800 కిలోమీటర్లు. హైదరాబాదు, నాగపూరు, ఝాన్సీ, ఆగ్రా మీదుగా పోవాలి. నిండు లోడుతో లారీ గంటకు 40 కిలోమీటర్లు నడుస్తుంది అనుకుందాం. రోజుకు 8 గంటలు నడిపితే 320 కిలోమీటర్లు. అంటే ఢిల్లీ చేరటానికి దాదాపు ఆరు రోజులు పడుతుంది.

"నాలుగు రోజుల్లో సరుకు దిగాలి" అని ఓనరు అంటే? అప్పుడు రోజుకు 450 కిలోమీటర్లు నడపాలి. అంటే 11 గంటల పైమాటే. టోలుగేటు దగ్గర ఆగటం, టైరు పంచరు, అన్‌లోడు కోసం పడిగాపులు దీనికి అదనం. ఇక నిద్ర ఎప్పుడు?

రాత్రి 2 గంటల నుంచి తెల్లవారుజాము 5 గంటల దాకా మనిషికి నిద్ర గట్టిగా వస్తుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరుకైనా ఆ వేళ కన్ను మూతపడుతుంది. టీ తాగితే నిద్ర కాసేపు ఆగుతుంది, పోదు. నిద్రకు నిద్రే మందు.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మామూలు పని అని ఆ చట్టం చెప్పింది. 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టాలు అమలులోకి వచ్చాయి. రోజుకు 8 గంటల మాట వాటిలోనూ ఉంది. అందుకే దూరం లోడుకు ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఒకరు నడిపితే ఒకరు పడుకోవాలి. విశ్రాంతి దయ కాదు, హక్కు.

మొదటి కాగితం: లైసెన్సు

చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్ళో ఒక డ్రైవరు ఇల్లు ఉందనుకుందాం. డ్రైవరు పది రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు. స్నానం చేసి పడుకున్నాడు. భార్య చొక్కా ఉతకబోతూ జేబులో ఉన్న లైసెన్సు తీసింది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కార్డు మీద అంకెలు కూడబలుక్కుని చదివింది. అతను లేచాక అడిగింది.

"ఏమయ్యా, దీని మీద రెండు తేదీలు ఉన్నాయే. ఒకటి ఇంకా చాలా ఏళ్ళు ఉంది. ఇంకొకటి వచ్చే నెల 9వ తేదీతో అయిపోతా ఉంది."

"అది ఉందిలే. నీకెందుకు ఆ గోల?"

"ఉందో లేదో నువ్వే చూడు. నాకు అంకెలు వచ్చుగదా."

అతను చూశాడు. ఆమె చదివిందే నిజం. మామూలు బండ్లకు గడువు ఉంది. లారీకి కావలసిన గడువు మాత్రం వచ్చే నెలతో సరి.

రవాణా బండి లైసెన్సు 5 ఏళ్ళకు ఒకసారి తిరిగి రాయించుకోవాలి. 2019కి ముందు అది 3 ఏళ్ళే ఉండేది. కార్డు మీద రవాణా గడువు దగ్గర ఇంగ్లీషులో టి, ఆర్ అనే అక్షరాలు ఉంటాయి. ఆ పక్క తేదీ చూడాలి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ వంకతో కళ్ళ పరీక్ష కూడా చేయించుకుంటే మంచిది. గడువు దాటితే మరునాటి నుంచే ఆ లైసెన్సు చెల్లదు. ఆ రోజుల్లో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడ్డం తిరుగుతుంది. కేసు ఏళ్ళ తరబడి సాగుతుంది.

రెండో కాగితం: పనిలో పెట్టుకున్న కాగితం

లారీ పని రెండు రకాలు. కొందరు ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర చేస్తారు. ట్రిప్పుకు ఇంత, బత్తా ఇంత అని మాట మీద పని. కొందరు పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేస్తారు. అక్కడ నెల జీతం ఉంటుంది. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పి.ఎఫ్. కట్టాలి. 10 మంది, అంతకు మించి ఉన్న చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు అయితే ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఇ.ఎస్.ఐ. ఉంటే ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది.

కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రాన చాలదు. మన పేరు వాళ్ళ పుస్తకంలో ఉండాలి. పనిలో పెట్టుకున్నట్టు నియామక పత్రం అడగాలి. జీతం చీటీ అడగాలి. అందులో పి.ఎఫ్. పట్టుకున్నారో లేదో, పట్టుకుంటే ఎంతో చదవాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడితే ఆ పుస్తకమే సాక్ష్యం.

మూడో కాగితం: లారీ బీమా, ఎఫ్.సి.

లారీ ఓనరుది. ప్రాణం డ్రైవరుది. అందుకే లారీ కాగితాల నకళ్ళు డ్రైవరు ఇంట్లో కూడా ఉండాలి. బీమా తేదీ చూడాలి. ఎఫ్.సి. అంటే బండి రోడ్డు మీద తిరగటానికి పనికొస్తుందని ఇచ్చే కాగితం. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకు ఒకసారి, తర్వాత ఏటా తీసుకోవాలి. బ్రేకులు బాగాలేని బండికి డ్రైవరు "రాను" అని చెప్పాలి.

లోడు కూడా చూడాలి. పది టైర్ల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నులు మించకూడదని 2018లో నియమం వచ్చింది. మించితే 20,000 రూపాయలు జరిమానా. ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. లోడు ఎత్తించింది ఎవరైనా, పట్టుబడేది డ్రైవరే.

నాలుగో కాగితం: ట్రిప్పు చీటీ

ఏ లారీ, ఏ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన బయలుదేరింది? ఇవి ఒక నోటుపుస్తకంలో రాసి ఇంట్లో ఉంచాలి. ఈ పని ఇంట్లో ఉన్న ఆడమనిషి చేయవచ్చు. బయలుదేరే ముందు అడిగి రాసుకుంటే చాలు. "ఆ రోజు ఈయన మా లారీ మీద లేడు" అని రేపు ఎవరూ అనకుండా ఆ రాతే పనికొస్తుంది. చీటీని సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే ఇంకా మేలు.

రాకూడని కబురు వస్తే

ప్రమాదం జరిగిన ఇంటికి మొదట వచ్చేది కబురు. తర్వాత వచ్చేది కాగితం. కొందరు కొంచెం డబ్బు చేతిలో పెడతారు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటారు. చదవకుండా సంతకం పెట్టకూడదు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయకూడదు. "చదివి రేపు ఇస్తాను" అని చెప్పాలి.

పని మీద ఉండగా డ్రైవరు చనిపోతే, "తప్పు అతనిదే" అన్నా యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. ఈ హక్కు 1923 నుంచి చట్టంలో ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. ఎదుటి బండి తప్పయితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయవచ్చు. ఆరు నెలల లోపే వేయాలి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే ప్రభుత్వ పథకం ఉంది. చనిపోతే 2 లక్షలు, పెద్ద దెబ్బలు తగిలితే 50 వేలు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ మొత్తం అమలులో ఉంది. దేనికైనా పోలీసు ఎఫ్.ఐ.ఆర్. నకలు కావాలి.

లాయరుకు డబ్బు లేదని ఆగవద్దు. ఆడవాళ్ళకు, ఆదాయం ఎంత ఉన్నా, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టులో న్యాయ సేవల సంస్థ ఉంటుంది. ఫోను నంబరు 15100. అంబులెన్సుకు 108. జాతీయ రహదారి మీద సాయానికి 1033.

ఆడవాళ్ళు లారీ నడపగలరా?

నడుపుతున్నారు. భోపాల్‌లో ఉండే యోగితా రఘువంశీ న్యాయశాస్త్రం చదివింది. భర్త రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. పిల్లల్ని పెంచటానికి లారీ స్టీరింగు పట్టింది. రాష్ట్రాలు దాటి సరుకు చేరవేసింది. అందరూ స్టీరింగు పట్టకపోవచ్చు. కానీ నాలుగు కాగితాలు పట్టుకోవటం అందరికీ చేతనవుతుంది.

చెప్పండి
1. లారీ లైసెన్సు ఎన్ని ఏళ్ళకు ఒకసారి తిరిగి రాయించుకోవాలి?
2. దూరం లోడుకు ఇద్దరు డ్రైవర్లు ఎందుకు ఉండాలి?
3. చదవకుండా సంతకం పెడితే ఏమి నష్టం?

లెక్క వేయండి
గుంటూరు నుంచి చెన్నైకి సుమారు 400 కిలోమీటర్లు. గంటకు 40 కిలోమీటర్లు నడిపితే ఎన్ని గంటలు పడుతుంది? ఒక్క డ్రైవరు 8 గంటల్లో చేరగలడా?

చేయండి
మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ డ్రైవరు ఉంటే లైసెన్సు అడిగి తీసుకోండి. గడువు తేదీ చదవండి. గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీయండి.