129 ఓట్ల గవర్నర్: వాషింగ్టన్ ఎన్నిక నేర్పిన పాఠం



"ఒక్క ఓటుతో ఏమవుతుందిలే!" ఎన్నికల రోజున ఊరికి వెళ్ళకుండా హాస్టల్లోనే ఉండిపోయేటప్పుడు మనం అనుకునే మాట ఇది. బస్సు ఛార్జీ దండగ, రెండు రోజుల క్లాసులు పోతాయి అని మేమూ అన్నవాళ్ళమే. పీజీలో రాజనీతిశాస్త్రం చదివేటప్పుడు అమెరికాలో జరిగిన ఒక ఎన్నిక గురించి తెలుసుకున్నాక ఆ మాట అనడం మానేశాం. ఆ ఎన్నిక కథే ఈ వ్యాసం. పోటీ పరీక్షలకు తయారయ్యేవారికి పనికివస్తుందని, ఓటు రాబోతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అంతకన్నా ఎక్కువగా పనికివస్తుందని రాస్తున్నాం.

ముందుగా రెండు విషయాలు

మొదటిది: ఇక్కడ వాషింగ్టన్ అంటే అమెరికా రాజధాని కాదు. ఆ దేశానికి వాయవ్య మూలన, పసిఫిక్ తీరంలో ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం. సియాటిల్ అక్కడి పెద్ద నగరం. రాష్ట్రంలో 39 కౌంటీలు ఉన్నాయి. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది.

రెండవది: మన దేశంలో గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో రాష్ట్ర గవర్నర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. అధికారాల రీత్యా మన ముఖ్యమంత్రితో పోల్చుకోవచ్చు.

ముగ్గురి పోటీ, మూడు లెక్కింపులు

2004 నవంబర్ 2న ఎన్నిక జరిగింది. డెమొక్రటిక్ పార్టీ నుండి అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ క్రిస్టీన్ గ్రెగ్వార్, రిపబ్లికన్ పార్టీ నుండి డినో రోసీ, లిబర్టేరియన్ పార్టీ నుండి రూత్ బెనెట్ పోటీ చేశారు. మొత్తం సుమారు 28 లక్షల ఓట్లు పోలయ్యాయి. సగానికి పైగా ఓటర్లు తపాలా ద్వారానే ఓటు వేశారు. అందుకే మొదటి లెక్క తేలడానికే రెండు వారాలు పట్టింది. మూడు లెక్కల ఫలితాలు చూడండి:

మొదటి లెక్క: రోసీ 13,71,414; గ్రెగ్వార్ 13,71,153. రోసీకి 261 ఓట్ల ఆధిక్యం.

రెండవ లెక్క (యంత్రాలతో): రోసీ 13,72,484, గ్రెగ్వార్ 13,72,442. రోసీకి 42 ఓట్ల ఆధిక్యం.

మూడవ లెక్క (చేతితో): గ్రెగ్వార్ 13,73,361, రోసీ 13,73,232. గ్రెగ్వార్‌కు 129 ఓట్ల ఆధిక్యం.

తేడా రెండు వేల ఓట్ల లోపు ఉన్నందువల్ల రెండవ లెక్క చట్టప్రకారం తప్పనిసరి అయింది. మూడవది మాత్రం అడిగినవారు డబ్బు కట్టి చేయించుకోవాలి. డెమొక్రటిక్ పార్టీ సుమారు 7,30,000 డాలర్లు ధరావతు కట్టింది. ఫలితం తారుమారైతే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలన్నది అక్కడి చట్టం.

లెక్క మారినప్పుడల్లా ఇద్దరి ఓట్లూ పెరిగాయని గమనించండి. యంత్రం చదవలేకపోయిన గుర్తును మనిషి కన్ను చదవగలదు. పొరపాటున పక్కన పెట్టిన బ్యాలెట్లు కూడా మళ్ళీ పరిశీలించినప్పుడు బయటపడతాయి. కాబట్టి తిరిగి లెక్కించడం అనగానే మోసం అనుకోనక్కరలేదు.

పక్కన పెట్టిన కవర్లు

తపాలా ఓటు కవరు మీద ఓటరు సంతకం ఉంటుంది. దానిని రికార్డులోని సంతకంతో పోల్చి చూస్తారు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో కొందరి సంతకాలు కంప్యూటర్లోకి ఎక్కలేదు. అలాంటప్పుడు సిబ్బంది పాత కాగితపు నమోదు కార్డు తీసి చూడాలి. అలా చూడకుండానే ఆ ఓట్లను తిరస్కరించారు. మొదట తేలినవే 573.

ఇది ఎలా బయటపడింది? తిరస్కరించిన ఓటర్ల జాబితాలో కింగ్ కౌంటీ కౌన్సిల్ చైర్మన్ లారీ ఫిలిప్స్ తన పేరే చూసుకున్నారు! తాను సరిగ్గానే సంతకం చేశాను కదా అని ఆయన అడిగారు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

ఆ ఓట్లను లెక్కించకూడదని రిపబ్లికన్ పార్టీ కోర్టుకు వెళ్ళింది. కింది కోర్టు లెక్కింపు ఆపమంది. 2004 డిసెంబర్ 22న రాష్ట్ర సుప్రీంకోర్టు లెక్కించవచ్చని తీర్పు చెప్పింది. డిసెంబర్ 30న ఫలితాన్ని ధ్రువీకరించిన రాష్ట్ర కార్యదర్శి శామ్ రీడ్ స్వయంగా రిపబ్లికన్. తన పార్టీ అభ్యర్థి ఓడిపోయినా లెక్క ప్రకారమే సంతకం పెట్టారు. 2005 జనవరి 12న గ్రెగ్వార్ ప్రమాణ స్వీకారం చేశారు.

ఒక్కసారి ఆలోచించండి. కౌన్సిల్ చైర్మన్ కాబట్టి ఆయన అడిగితే విన్నారు. అదే జాబితాలో ఉన్న కూలి మనిషి అడిగితే వినేవారా? మన ఇళ్ళలో సంతకం చేయడం నేర్చుకున్న మొదటి తరం మనదే. అమ్మానాన్నలు ఇప్పటికీ వేలిముద్రలే వేస్తున్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. జాబితాలో పేరు లేదంటే మారు మాట్లాడకుండా ఇంటికి తిరిగి వచ్చేవారు మనవాళ్ళే. అందుకే వారి తరఫున అడగవలసింది మనమే.

కోర్టులో రోసీ వాదన

రోసీ ఎన్నికను రద్దు చేయమని కేసు వేశారు. షెలాన్ కౌంటీ జడ్జి జాన్ బ్రిడ్జెస్ విచారించి 2005 జూన్ 6న తీర్పు చెప్పారు. 1,678 చెల్లని ఓట్లు పడ్డాయని ఆయన ఒప్పుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం, నేర శిక్ష కారణంగా ఓటు హక్కు కోల్పోయి దానిని తిరిగి పొందనివారివి. చనిపోయినవారి పేరున పడినవి కూడా ఉన్నాయి. ఆధిక్యం చూస్తే 129. మరి ఎన్నిక ఎందుకు రద్దు కాలేదు?

ఒక ఉదాహరణ చూద్దాం. మన హాస్టల్ మెస్ కార్యదర్శి ఎన్నికలో వంద ఓట్లు పడ్డాయి. రాముకు 60, సోముకు 40. తరువాత చూస్తే పదిమంది బయటివాళ్ళు ఓటేశారని తేలింది. రాముకు నూటికి అరవై వచ్చాయి కాబట్టి ఆ పదింటిలో ఆరు రామువే అని తీసివేయవచ్చా? ఆ పదిమందీ సోము స్నేహితులే కావచ్చు కదా! రోసీ పక్షం ఇలాగే ప్రాంతాల వారీ శాతాలను బట్టి ఓట్లు తీసివేయమంది. జడ్జి దానికి ఒప్పుకోలేదు. చెల్లని ఓట్లు ఎవరికి పడ్డాయో సాక్ష్యం కావాలన్నారు. సాక్ష్యం దొరికినవి ఐదే. వాటిలో నాలుగు రోసీకి, ఒకటి బెనెట్‌కు పడినవి! అవి తీసివేస్తే గ్రెగ్వార్ ఆధిక్యం 133కు పెరిగింది. రోసీ పై కోర్టుకు వెళ్ళలేదు. 2008లో వారిద్దరే మళ్ళీ తలపడగా గ్రెగ్వార్ సుమారు 53 శాతం ఓట్లతో గెలిచారు.

మన చట్టం ఏమంటుంది?

మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోనూ ఇలాంటి సూత్రమే ఉంది. చెల్లని ఓట్ల కారణంగా ఎన్నిక రద్దు కావాలంటే, వాటివల్ల గెలిచిన అభ్యర్థి ఫలితంపై నిజంగా ప్రభావం పడిందని రుజువు చేయాలి. పిటిషన్ 45 రోజుల లోపు హైకోర్టులో వేయాలి.

స్వల్ప తేడాలు మనకూ కొత్త కాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. లోక్‌సభ ఎన్నికల చరిత్రలో అతి తక్కువ ఆధిక్యాలలో అదొకటి. ఆ రోజు పది మంది బస్సు ఛార్జీ దండగ అనుకోకుండా ఉంటే ఏమయ్యేదో!

మనం చేయవలసిన పనులు

1. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఫారం-6 ఇచ్చి ఓటు నమోదు చేసుకోవాలి. పదిహేడు దాటినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు.

2. హాస్టల్లో ఉండేవారు సొంత ఊరిలో గాని, హాస్టల్ ఉన్నచోట గాని నమోదు కావచ్చు. రెండింటిలో ఒక్కచోటే.

3. ఎన్నికలకు ముందే జాబితాలో మన పేరు, ఇంట్లో అందరి పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. చదువురాని ఇరుగుపొరుగువారి పేర్లు కూడా మనమే చూసిపెట్టాలి.

4. పేరు లేకపోతే ఎందుకు లేదో అడగాలి. లారీ ఫిలిప్స్ అడిగినట్లే.

గ్రెగ్వార్‌ను గెలిపించిన 129 మంది ఎవరో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఓటు వేసిన ప్రతి ఒక్కరూ ఆ 129 మందిలో తానూ ఒకరిని అనుకోవచ్చు. ఓటు వేయకుండా ఇంట్లో కూర్చున్నవారికి మాత్రం ఆ మాట అనుకునే హక్కు లేదు. ఈసారి ఎన్నికల సెలవు ఇచ్చినప్పుడు హాస్టల్ గదులు ఖాళీగా కనిపించాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.