పాత ఫోర్ స్ట్రోక్ బండి కొనాలా, వద్దా?



సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు కథలు, కవితలు రావని చెప్పాను. "నీకు వచ్చిందే రాయి" అన్నారు. పదో తరగతి తర్వాత ఐటిఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చేసి, అప్పటి నుంచి బళ్ళు బాగుచేస్తున్నాను. కాబట్టి నాకు వచ్చిన పాఠమే రాస్తున్నాను. మన హాస్టల్లో చదివినవాళ్ళు ఉద్యోగం రాగానే కొనే మొదటి పెద్ద వస్తువు చాలావరకు ఒక సెకండ్ హ్యాండ్ బండి. ఆ డబ్బు పోతే మళ్ళీ ఇచ్చేవాళ్ళు మనకు ఉండరు.

కిందటేడాది మన జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. ఏజెన్సీలో ఆరోగ్య ఉపకేంద్రంలో పని. తారు రోడ్డు ఆగిపోయాక ఊళ్ళకు గుట్టల మీద మట్టి దారే. అలాంటి దారుల కోసం ఎత్తుగా తయారుచేసిన 200 సీసీ బండి ఒకటి అమ్మకానికి ఉందని, 65 వేలు చెబుతున్నారని అన్నాడు. "అన్నా, నువ్వొచ్చి ఒకసారి చూడాలి. అమ్మ డ్వాక్రాలో లోను తీసి ఇచ్చింది" అన్నాడు. ఆ మాట విన్నాక రానని అనలేకపోయాను. ఆ ఆదివారం మేమిద్దరం ఆ బండిని ఎలా చూశామో అదే వరుసలో చెబుతాను.

ముందుగా కొంచెం పాఠం

బుల్లెట్ లాంటివి కొన్ని తప్పిస్తే ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా రాజ్‌దూత్, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బళ్ళు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఫోర్ స్ట్రోక్ బళ్ళు ఇంటింటికీ చేరాయి. ఫోర్ స్ట్రోక్ అంటే ఇంజన్‌లో నాలుగు పనులు వరుసగా జరుగుతాయి. గాలి, పెట్రోలు లోపలికి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ బయటికి వదలడం. టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలుతుంది కాబట్టి పొగ మామూలే. ఫోర్ స్ట్రోక్ బండిలో ఆయిల్ ఇంజన్ అడుగున విడిగా ఉంటుంది. అది కాలకూడదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం పరీక్ష పాసైనట్లే.

మట్టి దారుల కోసం చేసిన బళ్ళు మన దేశంలో తక్కువ. 2011లో వచ్చిన ఇంపల్స్, 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 అలాంటివి. వీటికి మామూలు బళ్ళలాగే రిజిస్ట్రేషన్ ఉంటుంది. పోటీల ట్రాక్ మీద తోలడానికి మాత్రమే చేసిన డర్ట్ బైకులు వేరు. వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కకూడదు. చవకగా వచ్చినా ఉద్యోగానికి వెళ్ళేవాడికి అవి పనికిరావు.

1. చల్లటి ఇంజన్

మేం వస్తున్నామని ముందు రోజే చెప్పి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు" అని కోరాం. పొద్దున ఏడింటికి వెళ్ళి ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. అంటే అప్పుడే ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట. కారణం అడగలేదు. "టీ తాగి వస్తాం" అని చెప్పి గంటన్నర ఆగాం.

వేడి ఇంజన్ చాలా లోపాలను దాచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే అసలు సంగతి తెలుస్తుంది. మొదట్లో కొంచెం నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు అరిగి ఉండవచ్చు. ఎక్సలేటర్ ఇచ్చిన కొద్దీ నీలం పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు అరిగినట్లు అనుకోవాలి. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. చలి ఉదయాన తెల్లటి ఆవిరి కాసేపు వస్తే భయపడనక్కర లేదు. కిక్కు ఉన్న బండి అయితే చేత్తో మెల్లగా నొక్కండి. ఒక చోట గట్టిగా ఎదురు తన్నాలి. మెత్తగా దిగిపోతే కంప్రెషన్ పోయింది.

మేం చూసిన బండి రెండోసారి ఎక్సలేటర్ ఇవ్వగానే నీలం పొగ వదిలింది.

2. ఎయిర్ ఫిల్టర్ పెట్టె

రోడ్డు బండి కొనేవాళ్ళు దీన్ని చాలామంది తెరవరు. మట్టిలో తిరిగిన బండికి మాత్రం ఇదే అసలు సాక్షి. ఇంజన్ పీల్చే గాలిలో దుమ్మును ఆపేది ఫిల్టర్. దాన్ని శుభ్రం చేయకపోయినా, చిరిగింది అలాగే వాడినా ఆ దుమ్ము లోపలికి పోయి పిస్టన్‌ను, రింగులను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

ఫిల్టర్‌కు బయటి వైపు దుమ్ము ఉండటం సహజం. ఫిల్టర్ తీసి, ఇంజన్ వైపు వెళ్ళే గొట్టం లోపల వేలు పెట్టి చూడండి. అక్కడ వేలికి దుమ్ము అంటితే, ఎంత మెరుగు పెట్టిన ట్యాంకు చూసినా మోసపోవద్దు. నా వేలికి ఎర్రమట్టి అంటింది. పొగకు కారణం దొరికింది.

3. ఆయిల్, చప్పుడు

ఆయిల్ నల్లగా ఉంటే మార్చలేదని మాత్రమే అర్థం. పాల టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. వాగులో మునిగిన బండి కావచ్చు. వేళ్ళ మధ్య రుద్దితే లోహపు రజను మెరిస్తే ఇంజన్ లోపల ఏదో అరుగుతోంది. పైన సన్నటి టిక్ టిక్ శబ్దం వాల్వులు సరిచేస్తే పోవచ్చు. అడుగు నుంచి గట్టిగా టకటక కొడితే ఇంజన్ విప్పాల్సిందే. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మకానికి వచ్చిన బిఎస్ 6 బళ్ళకు తాళం తిప్పగానే మీటరులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాలి.

4. కింది భాగాలు

ముందు ఫోర్కుల మీద ఆయిల్ చారలుంటే సీళ్ళు పోయాయి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టినట్లు ఆగకూడదు. ఆగితే కోన్ సెట్ మార్చాలి. వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే ఊగకూడదు. స్పోకుల మీద స్పానరుతో మెల్లగా కొట్టండి. బిగువుగా ఉన్నది గణగణమంటుంది, వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. స్ప్రాకెట్ పళ్ళు కొక్కెంలా వంగితే చైన్ సెట్ మొత్తం మార్చాలి. చివరగా, బండి వెనక దూరంగా నిలబడి రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. ఛాసిస్ వంగిన బండిని ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

5. కాగితాలు

ఆర్‌సిలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద స్వయంగా చదివి సరిచూడండి. ఆర్‌సిలో ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరినట్లు వాళ్ళిచ్చే ఎన్ఓసి, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా, చలాన్లు ఏమైనా బాకీ ఉన్నాయా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ బండి తెలంగాణకు గానీ, తెలంగాణ బండి ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ ఎన్ఓసి తప్పనిసరి. కొన్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని దరఖాస్తు ఇవ్వండి.

పాత బండి అమ్మే మిత్రులకూ ఒక మాట. ఆర్‌సిలో ఎవరి పేరు ఉంటే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. "తర్వాత మార్పించుకుంటాడులే" అని సంతకం పెట్టి ఇచ్చేయకండి.

మేం చూసిన బండి ఆర్‌సిలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. "నెలలో తీసేస్తాం" అన్నారు.

6. లెక్క

ఇక మిగిలింది కూడికలు, తీసివేతలు. మంచి స్థితిలో ఉంటే ఆ బండి 70 వేలు చేస్తుందని ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకున్నాం. బోరు, పిస్టన్, చైన్ సెట్, ఫోర్కు సీళ్ళకు నా అంచనా 16 వేలు. కాగితాల ఖర్చు 4 వేలు. విప్పాక బయటపడేవాటికి 5 వేలు. 70 లోంచి 25 తీసేస్తే 45 వేలు. అంతకు మించి ఇస్తే నష్టం మనదే. అదీ ఫైనాన్స్ తీసేశాకే. ఆయన 60కి దిగాడు, ఇక దిగనన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

దారంతా తమ్ముడు మాట్లాడలేదు. చివరికి "బండి చూడ్డానికి బాగుంది కదన్నా" అన్నాడు. అప్పుడు నా సంగతి చెప్పాను. నా మొదటి బండి కూడా చూడ్డానికి బాగానే ఉండేది. మెకానిక్‌నే అయినా రంగు చూసి, వేడి ఇంజన్ విని, అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను. రెండు నెలలకే ఇంజన్ విప్పాల్సి వచ్చింది. పనివాడినై ఉండి మోసపోయానని చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ బండి వారంలో ఇంకెవరో కొనుక్కున్నారని తెలిసింది. మనవాడు మరో రెండు నెలలు ఆటోల్లో, లిఫ్టులు అడిగి, మిగతా దూరం నడిచి డ్యూటీ చేశాడు. అది తేలిక కాదు. తర్వాత ఒక మాస్టారు వాడిన 125 సీసీ మామూలు బండి దొరికింది. చల్లటి ఇంజన్ మా ఎదుటే ఒక్క కిక్కుకు అందుకుంది, పొగ లేదు, కాగితాలన్నీ ఉన్నాయి. మరీ ఏటవాలు చోట దిగి తోసుకుంటూ వెళ్తున్నాడు. కానీ మండల కేంద్రంలో దానికి సామాను దొరుకుతుంది, డ్వాక్రా వాయిదా ఏ నెలా ఆగలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో డబ్బు పెట్టుకుని వెళ్ళకండి. ఒక కాగితం, పెన్ను, తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్ళండి. లెక్క ఇంటికొచ్చి వేయండి. ఇంకో బండి దొరుకుతుంది. అమ్మ తెచ్చిన అప్పు మాత్రం తీర్చేదాకా అలాగే ఉంటుంది.

ఇట్లు
మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి