గుండెకు ఒక లోపం ఉంటే రెండోది కూడా వెతకాలి



గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించడం మనందరికీ వచ్చు. మార్కులు గ్యారంటీ కదా! ఆ బొమ్మలో ఎడమ జఠరిక నుంచి పైకి వంపు తిరిగే పెద్ద గొట్టమే బృహద్ధమని. దాని మొదట్లో ఒక కవాటం ఉంటుంది. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే, ఆ కవాటం రోజుకు లక్షసార్లు తెరుచుకుని మూసుకోవాలి.

దానికి మూడు రెక్కలుండాలి. నూటికి ఒకరిద్దరికి పుట్టుకతోనే రెండే ఉంటాయి. (పుస్తకంలోని ద్విపత్ర కవాటం వేరు. దానికి రెండు రెక్కలుండటమే సహజం. పరీక్షలో కలిపేయకండి.) చాలామందికి చిన్నతనంలో ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి మాత్రం కవాటం సరిగా తెరుచుకోదు, లేదా సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది.

మన దగ్గర కవాటం జబ్బు అనగానే కీళ్ల జ్వరం వల్ల వచ్చిందంటారు. అదీ ఉంది. కానీ ఆ జ్వరం ఎక్కువగా పట్టేది ద్విపత్ర కవాటాన్ని. అది బాగుండి, చిన్న వయసులో బృహద్ధమని కవాటం ఒక్కటే చెడితే పుట్టుక లోపాన్ని అనుమానించాలి. పుట్టుక లోపం ఒంటరిగా రాకపోవచ్చు. అసలు చిక్కు అక్కడే.

తోడు వచ్చేవాటిలో ముఖ్యమైనది కోఆర్క్టేషన్. అంటే ఎడమ చేతికి రక్తనాళం చీలే చోటు దాటాక బృహద్ధమని నొక్కుకుపోయి ఉండటం. నీళ్ల పైపును కాలితో తొక్కితే ఏమవుతుంది? వెనక ఒత్తిడి పెరుగుతుంది, ముందు ధార తగ్గుతుంది. ఇక్కడా అంతే. తలకు, చేతులకు బి.పి. ఎక్కువ, కాళ్లకు తక్కువ. తలనొప్పి, ముక్కు నుంచి రక్తం, నడిస్తే పిక్కలు లాగడం ఉండవచ్చు. ఏమీ తెలియకపోనూవచ్చు. ఈ లోపం ఉన్నవారిలో సుమారు సగం మందికి రెండు రెక్కల కవాటమే ఉంటుంది. కవాటాన్ని బాగుచేసి దీన్ని వదిలేస్తే గుండె మీద బరువు తగ్గదు.

పట్టుకోవడానికి పెద్ద మిషను అక్కర్లేదు. డాక్టరు చేతి నాడినీ, గజ్జల్లోని నాడినీ ఒకేసారి చూస్తారు. గజ్జల నాడి బలహీనంగానో ఆలస్యంగానో అందితే అనుమానమే. అప్పుడు చేతికీ కాలికీ బి.పి. చూసి, ఎకో తీయిస్తారు. ఎందుకు చూస్తున్నారో ముందే తెలిస్తే సిగ్గుపడి తప్పించుకోరని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకొకటి గుండెలో రంధ్రం. కవాటానికి ఆనుకుని ఉంటే, చిన్న రంధ్రమైనా రెక్కను తనలోకి లాగి కవాటం కారేలా చేయగలదు. "చిన్నదే, అదే పూడుతుంది" అని చెకప్‌లు మానేయడం అందుకే ప్రమాదం. కవాటం బాగా పనిచేస్తున్నా బృహద్ధమని మొదలు ఉబ్బేవాళ్లూ ఉన్నారు.

డ్రిల్లులో ఎవరైనా కళ్లు తిరిగి పడితే "టిఫిన్ తినలేదు", "సాకులు చెబుతున్నాడు" అనడం మన హాస్టళ్లలో మామూలే. పరుగెత్తుతూ పడిపోయినా, గుండెల్లో పట్టేసినా ఆ రోజే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 18 ఏళ్లలోపు వారికి చేసే పరీక్షల్లో పుట్టుక గుండె లోపాలు కూడా ఉన్నాయి. ఆపరేషన్ అవసరమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద అడగండి. రెండు రెక్కల కవాటం కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి, ఒకరికి తేలితే తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ ఒకసారి ఎకో తీయించాలి.