మనవరాలికి ఏం పేరు పెడదాం?

ప్రశ్న: మాకు ఆడపిల్ల పుట్టింది. కాలం చేసిన మా అత్తగారి పేరు పిచ్చమ్మ. ఆ పేరు కలవాల్సిందేనని మావారి పట్టు. రేపు బళ్లో పిల్లను ఏడిపించరా?
– ఒక తల్లి, గుడివాడ

జవాబు: ఆ పేరులో ఉన్నది పిచ్చి కాదమ్మా, భిక్ష. అదే మన నోట బిచ్చం, తమిళుల నోట పిచ్చై. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో దేవుణ్ణి అడిగి తెచ్చుకున్న బిడ్డకు పెట్టేవారు. పెంటమ్మ, పుల్లమ్మ కూడా ఆ బాధలోంచి వచ్చినవే. పసిగుడ్డును పెంట మీదో, ఎంగిలి విస్తళ్ల మీదో ఒకసారి పొర్లించి తీస్తే మృత్యువు చీదరించుకుని వదిలేస్తుందని నమ్మకం.

అయినా ఇదంతా బళ్లో పిల్లలకు చెప్పుకుంటూ తిరగలేం కదా. కాగితాల్లో వరలక్ష్మి అని రాయించండి. వరమన్నా అడిగి తెచ్చుకున్నదే. బారసాలలో బియ్యం మీద మాత్రం అత్తగారి పేరు కూడా రాయండి. మీవారి మాటా నిలుస్తుంది.

ప్రశ్న: నా పేరు నాంచారమ్మ. హైదరాబాదులో ఇంజనీరింగులో చేరాను. హాస్టల్లో అందరూ నవ్వుతున్నారు. మార్చుకోవాలనుంది.
– విద్యార్థిని, అవనిగడ్డ

జవాబు: మార్చుకునే హక్కు నీది. కాకపోతే పదో తరగతి సర్టిఫికెట్టు నుంచి ఆధార్ దాకా అన్నీ దిద్దించుకోవాలి.

తమిళంలో నాచ్చియార్ అంటే దొరసాని, దేవేరి. వైష్ణవంతో మన వైపు వచ్చి నాంచారి అయింది. ఆండాళ్ రచన పేరే నాచ్చియార్ తిరుమొళి. ఆ ఆండాళ్ పెళ్లి కథను తెలుగులో చెప్పమని ఆంధ్ర మహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించింది మీ దగ్గరే, ఘంటసాల మండలం శ్రీకాకుళంలో. ఆముక్తమాల్యద పీఠికలో ఆ సంగతి ఉంది. వెంకన్నను వలచిన ముస్లిం కన్యగా జనం చెప్పుకునే బీబీ నాంచారమ్మదీ నీ పేరే. ఇవన్నీ తెలిశాక కూడా వద్దనిపిస్తే నిరభ్యంతరంగా మార్చుకో.

ప్రశ్న: పాప పుట్టి నెలైంది. ఎవరికీ లేని పేరు కావాలి. ఫోన్లో ఏ పేరు వెతికినా ‘లక్ష్మీదేవి’ అనే అర్థం చూపిస్తోంది. ఆలస్యమైతే ఇబ్బందా?
– ఒక తండ్రి, బందరు

జవాబు: జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించి ఉంటే కంగారు లేదు. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల లోపు చేర్పించవచ్చు.

ఫోన్ చెప్పిన పేరును శబ్దరత్నాకరంలోనో సూర్యరాయాంధ్ర నిఘంటువులోనో చూడండి. లేకపోతే సంస్కృతం మాస్టారిని అడగండి. ఆయనా ఎరగనంటే ఆ అర్థం ఎవరో అల్లిందే అనుకోవచ్చు. చెవికి ఇంపుగా ఉందని పెట్టుకుంటే తప్పులేదు, లేని అర్థం మాత్రం పిల్లకు నూరిపోయకండి.

1841లో నోబుల్, ఫాక్స్ దొరలు మిషను పెట్టిన ఊరు మీది. మీ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలో దీవెన, సువార్త, కృప వంటి చక్కని పేర్లు వినిపిస్తాయి. దీవెన ఏ మతం వారికైనా నప్పుతుంది. ఏది ఖాయం చేసినా ఇంగ్లీషు స్పెల్లింగు ముందే తేల్చుకుని, అన్ని కాగితాల్లో అదే రాయించండి.