వినొచ్చు, విప్పకూడదు

ప్రశ్న: మేము కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటున్నాం. ఈ ఏడాది మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఈమధ్య ఒక రాత్రి పదకొండింటప్పుడు హెలికాప్టర్ ఒకటి అరగంట సేపు మా ఇళ్ల మీదే తిరిగింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. పోలీసుల మాటలు వినిపించే స్కానర్ కొందామని ఏడు వందల డాలర్లు పక్కన పెట్టాను. తీరా చూస్తే మా ఊళ్లో పోలీసు ఛానళ్లను ఎన్‌క్రిప్ట్ చేశారట. ఒకాయన అమ్ముతున్న స్కానర్ మాత్రం ‘ఎన్‌క్రిప్షన్ కూడా విప్పేస్తుంది’ అని ప్రకటనలో ఉంది. అది కొనొచ్చా? అసలు స్కానర్ పెట్టుకోవడం నేరమా? సంక్రాంతికి ఇండియా వస్తూ నా పాత స్కానర్ గుంటూరులో మా తమ్ముడికి ఇవ్వాలనుకుంటున్నాను. ఇవ్వొచ్చా?

జవాబు: ముందు ఆ ప్రకటన సంగతి తేల్చేద్దాం. దాని జోలికి వెళ్లకండి. చెప్పినట్టు పనిచేయకపోతే డబ్బు పోతుంది, నిజంగానే పనిచేస్తే కేసు మెడకు చుట్టుకుంటుంది. రెండో ప్రశ్నకు జవాబు మీకు ఊరటే: కాలిఫోర్నియాలో మీ ఇంట్లో కూర్చుని, ఎన్‌క్రిప్షన్ తాళం వేయని పోలీసు, ఫైర్ ఛానళ్లు వినడం నేరం కాదు. తమ్ముడికి మాత్రం ఇవ్వకండి. కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

చట్టం గీసిన గీత

అమెరికాలో ఈ విషయంలో ప్రధానంగా చూడాల్సినవి రెండు ఫెడరల్ చట్టాలు. మొదటిది 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం, అందులో 705వ సెక్షన్. మనకు సంబంధం లేని రేడియో సంభాషణను పట్టుకుని బయటపెట్టడం, సొంత లాభానికి వాడుకోవడం దీని ప్రకారం తప్పు. ఊరికే విన్నంత మాత్రాన ఈ సెక్షన్ పట్టుకోదు. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, దీనికి చెప్పే ఉదాహరణ తేలిగ్గా అర్థమవుతుంది: ఒక ట్యాక్సీ కంపెనీ యజమాని పోటీ కంపెనీ రేడియో విని, వాళ్ల బేరాలు తను తన్నుకుపోవడం.

రెండోది 1986లో వచ్చిన ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ చట్టం. జనానికి సులువుగా అందే పోలీసు, ఫైర్ రేడియో మాటలను వినడానికి ఈ చట్టమే వీలిచ్చింది. సులువుగా అందేవి అంటే ఏవో కూడా అదే చెప్పింది. ఎన్‌క్రిప్ట్ చేసినవి, స్క్రాంబుల్ చేసినవి ఆ లెక్కలోకి రావు. ఈ చట్టాన్ని మీరితే ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. పక్కింటివాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే మన చెవిన పడటం వేరు, వాళ్లు తలుపేసుకున్నాక దొంగతాళంతో తీసి వినడం వేరు. చట్టం చూసేది ఈ తేడానే.

ఇంకో మెలిక ఉంది. తాళం లేకపోయినా ఫోన్ సంభాషణలు వినకూడదు. 1996 డిసెంబరులో ఫ్లోరిడా దంపతులు కారులో వెళ్తుండగా వాళ్ల స్కానర్‌కు అప్పటి స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ పాల్గొన్న కాన్ఫరెన్స్ కాల్ తగిలింది. టేపు చేసి ఒక కాంగ్రెస్ సభ్యుడి చేతికిచ్చారు. చివరకు నేరం ఒప్పుకుని చెరి 500 డాలర్ల జరిమానా కట్టారు. ఆ కాలపు సెల్‌ఫోన్ బ్యాండును పట్టే స్కానర్ల తయారీ, దిగుమతులను 1994 నుంచే నిషేధించారు.

రాష్ట్రం మారితే రూలు మారుతుంది

కాలిఫోర్నియా పీనల్ కోడ్ 636.5 సెక్షన్ చూసేది మీ ఉద్దేశాన్ని. పోలీసు రేడియోలో విన్నదాన్ని నేరం చేయడానికో, అరెస్టు తప్పించుకోవడానికో వాడినా, అనుమానితుడని తెలిసిన మనిషి చెవిన వేసినా నేరమే. కాబట్టి విన్న ప్రతి మాటనూ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు వద్దు. ‘ఫలానా సందులో పోలీసులు కాపు కాశారు’ అని మీరు పెట్టిన మెసేజీ ఎవరి చేతికి చేరుతుందో మీకు తెలియదు.

కారులో పెట్టుకునే ముందు మరింత జాగ్రత్త అవసరం. న్యూయార్క్‌లో వెహికల్ అండ్ ట్రాఫిక్ చట్టం 397వ సెక్షన్ ప్రకారం పోలీసు ఫ్రీక్వెన్సీలు పట్టే రేడియోను అనుమతి లేకుండా కారులో అమర్చుకోకూడదు. హ్యామ్ రేడియో లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీల్లోనూ ఆంక్షలున్నాయి. మిషిగన్‌లో గత ఐదేళ్లలో పెద్ద నేరానికి శిక్ష పడినవారు అనుమతి లేనిదే స్కానర్ దగ్గర పెట్టుకోకూడదు. కాబట్టి సెలవులకు రోడ్డెక్కేటప్పుడు దాన్ని ఇంట్లోనే వదిలేయండి. వీసా మీద ఉన్నవారికి చిన్న కేసు కూడా రేపు గ్రీన్‌కార్డు ఫారంలో రాయాల్సిన విషయమవుతుంది. ఇక్కడ నేను చెబుతున్నది అందరికీ వర్తించే అవగాహన. మీ దాకా నోటీసు వస్తే లాయరును కలిశాకే నోరు విప్పండి.

అసలు తాళం ఎందుకు వేశారు?

2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ పోలీసు విభాగాలకు ఒక బులెటిన్ పంపింది. మనిషి పేరు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు, పాత కేసుల వివరాలు బాహాటంగా రేడియోలో వినపడకూడదన్నది దాని సారాంశం. న్యాయమైన మాటే. కారు ఆపినప్పుడు పోలీసు మీ పుట్టినతేదీ, లైసెన్సు నంబరు రేడియోలో చదువుతుంటే ఊరంతా రాసుకోవడం మీకు మాత్రం ఇష్టమా?

అయితే ఆ బులెటిన్ రెండు దారులు చూపింది. ఛానల్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయడం ఒకటి. ఆ వివరాలను రేడియోలో చెప్పకుండా పద్ధతి మార్చుకోవడం రెండోది. ఎక్కువ ఊళ్లు మొదటి దారే పట్టాయి. పాలో ఆల్టో పోలీసులు 2021 జనవరిలో తాళం వేశారు. స్థానికులు, విలేఖరులు, సిటీ కౌన్సిల్ సభ్యులు పట్టు వదలకుండా అడిగాక 2022 సెప్టెంబరులో తీశారు. వ్యక్తిగత వివరాలకు సెల్‌ఫోను, కారులోని కంప్యూటరు వాడతామన్నారు. ఎన్‌క్రిప్షన్‌కు కళ్లెం వేయాలని రాష్ట్ర సెనెటర్ జోష్ బెకర్ తెచ్చిన బిల్లు మాత్రం అదే ఏడాది గట్టెక్కలేదు.

వాషింగ్టన్ డీసీ పోలీసులు 2011లోనే, డెన్వర్ పోలీసులు 2019లో తాళం వేశారు. న్యూయార్క్ పోలీసులు 2023 జులైలో బ్రూక్లిన్ నుంచి మొదలుపెట్టారు. షికాగోలో అరగంట ఆలస్యంగా వినిపించే ఏర్పాటు చేశారు. కొలరాడోలో 2021 చట్టం ప్రకారం, రేడియోకు తాళం వేసే పోలీసు విభాగం విలేఖరులకు ఎలా అందుబాటులో ఉంచుతుందో విధానం రాసిపెట్టుకోవాలి. ఒక్కో చోట ఒక్కో తీరు. అంటే తాళం వేయాలా, ఎంతవరకు వేయాలి అన్నది ఊరి పెద్దలు కూర్చుని తీసుకునే నిర్ణయం.

డబ్బు తీసే ముందు

మోడల్ సంగతి తర్వాత. ముందు మీ కౌంటీలో ఏది తెరిచి ఉందో చూడండి. రేడియో రిఫరెన్స్ అనే డేటాబేసులో కౌంటీల వారీగా ఛానళ్ల పట్టిక ఉంటుంది. అందులో ‘మోడ్’ అనే గడి ఉంది. అక్కడ ‘డి’ అని ఉంటే డిజిటల్, ‘టి’ అని ఉంటే ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు సంభాషణలు నడిచే డిజిటల్. వాటి పక్కన పెద్ద ‘ఈ’ అక్షరం కనిపిస్తే పూర్తిగా తాళం పడిందని అర్థం. ఆ ఒక్క అక్షరం మీ ఏడు వందల డాలర్లు కాపాడుతుంది. ఎన్‌క్రిప్షన్‌లో విరివిగా వాడేది ఏఈఎస్-256. దాని తాళంచెవిని పోలీసు శాఖ తన రేడియోల్లోకి ఎక్కిస్తుంది. మార్కెట్లో ఎంత ఖరీదైన స్కానర్ కొన్నా అందులో ఆ చెవి ఉండదు. విప్పుతానని ప్రకటించేవాడి మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

తర్వాత తెరిచి ఉన్నవాటికి తగ్గ పరికరం ఎంచుకోండి. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ ఇంకా 40 మెగాహెర్ట్జ్ దగ్గరి పాత లో-బ్యాండ్ మీద మాట్లాడుతుంది. విమానాలు, రైళ్లు, ఓడల మాటలూ మామూలు అనలాగ్‌లో దొరుకుతాయి. వీటికి యూనిడెన్ బీసీ125ఏటీ లాంటి చిన్న స్కానర్ చాలు, ఏడు వందల్లో నాలుగో వంతు కూడా కాదు.

ఫైర్, అంబులెన్స్ ఛానళ్లు చాలాచోట్ల ఇంకా తెరిచే ఉన్నాయి. అవి పీ25 అనే డిజిటల్ పద్ధతిలో ఉంటే డిజిటల్ స్కానర్ కావాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తిరునాళ్లలో నాలుగు మూలలా మైకులు కడితే, మధ్యలో నిలబడ్డవాడికి ఒకే మాట నాలుగు వైపుల నుంచి వెనకా ముందూ వచ్చి ఏమీ అర్థం కాదు చూడండి, అలాగే ఒకే సిగ్నల్‌ను అనేక టవర్ల నుంచి ఒకేసారి పంపే సైమల్‌కాస్ట్ వ్యవస్థలో మామూలు డిజిటల్ స్కానర్లు తడబడతాయి. యూనిడెన్ ఎస్‌డీఎస్100, ఎస్‌డీఎస్200 దీన్ని తట్టుకునేలా చేసినవి. మీరనుకున్న బడ్జెట్ దాదాపు వాటిదే. కంప్యూటర్ పనిలో చేయి తిరిగి ఉంటే ముప్పై, నలభై డాలర్ల ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందు పరీక్షించుకోండి. ఏది కొన్నా వాపసు తీసుకునే దుకాణంలోనే కొని, బిల్లు దాచండి.

ఒక హెచ్చరిక. చవకగా దొరికే వాకీటాకీలు స్కానర్లు కావు. వాటికి మాట్లాడే మీట కూడా ఉంటుంది. పిల్లవాడు సరదాకు నొక్కి అత్యవసర ఛానల్లో మాట్లాడితే సమాధానం చెప్పాల్సింది మీరే.

మీకు కావలసింది భద్రత అయితే దానికి సులువైన దారులున్నాయి. జాతీయ వాతావరణ రేడియో 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఛానళ్లలో రాత్రింబవళ్లు వినిపిస్తుంది. అత్యవసర హెచ్చరికలకు శాంటా క్లారా కౌంటీవారు అలర్ట్ ఎస్‌సీసీలో, అలమీడా కౌంటీవారు ఏసీ అలర్ట్‌లో ఫోన్ నంబరు నమోదు చేసుకుంటే చాలు. కార్చిచ్చుల సమాచారానికి వాచ్ డ్యూటీ యాప్ ఉంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల్లో ఎంతోమంది దాన్నే నమ్ముకున్నారు. ఆ యాప్ వెనక ఉన్నవాళ్లు వార్త పట్టుకునేది తెరిచి ఉన్న ఫైర్ ఛానళ్లు వినే. మీ ఊళ్లో రేపు ఫైర్ ఛానళ్లకూ తాళం వేద్దామని ప్రతిపాదన వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

తాళం పడ్డాక మిగిలే హక్కు

రేడియో వినపడనంత మాత్రాన మీ ప్రశ్నకు తలుపు మూసుకోదు. కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఎవరైనా రికార్డులు అడగొచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. పది రోజుల్లో నిర్ణయం చెప్పాలి. దర్యాప్తు కాగితాలను పోలీసులు ఇవ్వకపోవచ్చు. కానీ సహాయం కోరుతూ వచ్చిన కాల్ ఎప్పుడు, ఎక్కడి నుంచి, దేని గురించి అన్న సమాచారం, దర్యాప్తుకో ఎవరి ప్రాణానికో ముప్పు లేనంతవరకు, ఇవ్వాలి. దరఖాస్తులో కథ రాయకండి. తేదీ, రాత్రి 10:30 నుంచి 11:45 వరకు అని సమయం, దగ్గరలోని రెండు వీధుల కూడలి పేరు రాసి, ‘ఈ సమయానికి సంబంధించిన డిస్పాచ్ లాగ్, రేడియో ఆడియో ఇవ్వండి’ అని ఒక్క వాక్యంలో అడగండి. టెక్సాస్‌లో ఇదే హక్కు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద, న్యూజెర్సీలో ఓప్రా చట్టం కింద, న్యూయార్క్‌లో ఫాయిల్ చట్టం కింద ఉంది.

తాళమే వద్దనుకుంటే సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లండి. 1953 నాటి బ్రౌన్ చట్టం అక్కడ మాట్లాడే హక్కు ప్రజలకిచ్చింది. వీసా ఏమిటని ఎవరూ అడగరు. పాలో ఆల్టో రేడియో మళ్లీ తెరుచుకుంది ఇలా అడిగినవాళ్ల వల్లే.

గుంటూరు ప్రయాణం

ఇండియాలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మొదలుకుని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాకా సూత్రం ఒక్కటే. ప్రభుత్వం మినహాయించినవి తప్ప, రేడియో పరికరాన్ని దగ్గర పెట్టుకోవడానికే అనుమతి కావాలి. చట్టవిరుద్ధంగా సందేశాలను అడ్డగించి వింటే 2023 చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అమెరికాలో సరదాగా సాగిన అలవాటు అక్కడ మీ తమ్ముణ్ణి స్టేషన్ మెట్లు ఎక్కించొచ్చు. సంక్రాంతికి వేరే ఏదైనా పట్టుకెళ్లండి.

చివరగా, హెలికాప్టర్ తిరిగిన రాత్రి తేదీ మీరు ఉత్తరంలో రాయలేదు. కాలిఫోర్నియాలో రోజువారీ రేడియో, ఫోన్ రికార్డింగులను వంద రోజులు దాటాక చెరిపేయడానికి నగరాలకు చట్టం వీలిస్తుంది. స్కానర్ సంగతి తర్వాత చూసుకుందురు గానీ, ముందు క్యాలెండర్ తీసి ఆ తేదీ వెతకండి. దరఖాస్తు ఈ వారమే పంపండి.