వడగాలులు, చలిగాలులు ఎందుకు వీస్తాయి?

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- వడగాలులకు, చలిగాలులకు కారణాలు వివరించగలుగుతారు.
- వాతావరణ హెచ్చరికను అర్థం చేసుకొని జాగ్రత్త పడగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

2015 మే నెలలో వీచిన వడగాలులకు మన దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. ఎండాకాలం ఏటా వస్తుంది. మరి కొన్ని రోజులు మాత్రమే ప్రాణాల మీదికి ఎందుకు తెస్తాయి? ఎండ ఒక్కటే దీనికి కారణం కాదు. గాలి ఎటు నుంచి వస్తోంది, పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అనేది కూడా ముఖ్యమే.

2. వడగాలులు

నేలలో తడి ఉంటే సూర్యుని వేడిలో కొంత భాగం ఆ తడిని ఆవిరి చేయడానికి సరిపోతుంది. నేల ఎండిపోతే ఆ వేడి కూడా నేలనూ గాలినీ కాలుస్తుంది. రాజస్థాన్‌లోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అటువంటి ప్రాంతాల పొడిగాలి వాయవ్య దిశ నుంచి మన వైపు వీస్తుంది.

ఇదే సమయంలో పై వాతావరణంలో అధిక పీడనం ఏర్పడితే గాలి కిందికి దిగుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. అలాగే కిందికి దిగే గాలి కూడా నొక్కుకుపోయి, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. మబ్బులు పట్టవు.

కోస్తాలో మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి కొంత ఉపశమనం ఇస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు అది ఆలస్యంగా వస్తుంది, లేదా అసలే రాదు. పైగా గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందువల్ల కొంచెం తక్కువ ఉష్ణోగ్రత కూడా అక్కడ ప్రమాదకరమే.

3. చలిగాలులు

చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి పశ్చిమ అలజడులు వచ్చి హిమాలయాలలో మంచు కురిపిస్తాయి. అవి తూర్పుకు సాగిపోయిన తరువాత, వాటి వెనుక నుంచి చల్లని పొడిగాలి పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ మైదానాలలోకి వీస్తుంది. మబ్బు దుప్పటి వంటిది. అది లేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. దక్షిణానికి వచ్చేసరికి ఈ గాలుల తీవ్రత తగ్గుతుంది. అయినా ఆదిలాబాద్ వంటి లోతట్టు ప్రాంతాలు, లంబసింగి వంటి ఎత్తయిన ఊళ్ళు చలికి వణుకుతాయి.

4. హెచ్చరికలు – జాగ్రత్తలు

మైదానాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరిగితే వాతావరణ శాఖ దానిని వడగాలిగా పరిగణిస్తుంది. అటువంటి రోజున పొలం పని, కూలి పని ఉదయం పూటే ముగించుకోండి. దాహం వేయకపోయినా నీరు, మజ్జిగ తాగండి. ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పితే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పాఠంలోని ప్రశ్నలు

1. కిందికి దిగే గాలి ఎందుకు వేడెక్కుతుంది?
2. మబ్బు లేని చలికాలపు రాత్రి చలి ఎందుకు ఎక్కువ?

జవాబులు

1. నొక్కుకుపోవడం వల్ల.
2. నేల వేడి త్వరగా ఆకాశంలోకి పోవడం వల్ల.